నష్టం ఎవరి పాలు? ముకియస్, సెర్వియస్ తీర్పులు

ఒకరికి లాభం మాత్రమే, మరొకరికి నష్టం మాత్రమే రాసుకున్న పొత్తు చెల్లదని రోమన్ న్యాయవేత్త కాసియస్ తేల్చేశాడు. దాన్ని సింహపు పొత్తు అన్నారు. ఆవు, మేక, గొర్రెలతో కలిసి వేటాడి అన్ని వాటాలూ తానే లాక్కున్న సింహం కథ రోమన్ కథకుడు ఫేడ్రస్ రచనలోనూ ఉంది. ఇంత పచ్చి అన్యాయం మీద వాదన అక్కర్లేదు. లాభంలో పాలుండి నష్టంలో పాలు లేకపోతే ఏమిటన్నదే గట్టి ప్రశ్న.

క్రీ.పూ. 95లో కాన్సుల్‌గా ఉన్న క్వింటస్ ముకియస్ స్కేవోలా దృష్టిలో అది పొత్తు స్వభావానికే విరుద్ధం. లాభంలో ఎంత పాలో నష్టంలోనూ అంతే ఉండాలి. క్రీ.పూ. 51 నాటి కాన్సుల్ సెర్వియస్ సుల్పికియస్ రూఫస్ దీన్ని ఖండించాడు. ఒకడి పని అంత విలువైనదైతే అతనికి నష్టం లేకుండా లాభం పంచవచ్చన్నాడు. చివరికి నెగ్గింది ఇతని మాటేనని న్యాయవేత్త గయస్ రాశాడు.

ముకియస్ సూత్రంలో ఒక భద్రత ఉంది: బలవంతుడు దాన్ని తనకు అనువుగా వంచలేడు. కానీ ఆ లెక్కలో డబ్బే పెట్టుబడి. వ్యాపారం మునిగితే పనిచేసినవాడి శ్రమ అప్పటికే మునిగింది. పైగా చేతి డబ్బూ కట్టమంటే అతను రెండుసార్లు నష్టపోతాడు. ఈ సంగతి పట్టుకున్నది సెర్వియస్. పైగా అతను గుడ్డిగా మినహాయించలేదు: ఒక సరుకు మీద వచ్చిన నష్టాన్ని మరొక సరుకు లాభంలోంచి తీసేశాక మిగిలిందే లాభం. వర్కింగ్ పార్ట్‌నర్ వాటా ఆ నికర మొత్తంలోనే.

మరో రోమన్ న్యాయవేత్త సబీనస్ పెట్టిన షరతు మరీ స్పష్టం. తప్పించుకునే నష్టానికి తగినంత విలువ ఆ పనికి ఉండాలి. ఒంటరిగా ఓడెక్కి, పరదేశాలు తిరిగి, ప్రమాదాలకు ఎదురొడ్డే భాగస్వామిని న్యాయవేత్త ఉల్పియన్ ఉదాహరణగా చూపాడు. మినహాయింపుకు ఆయువుపట్టు ఈ షరతే. ఇది లేకపోతే శ్రమ చేయని ధనవంతుడూ అదే వాక్యం చాటున నష్టాన్ని ఎదుటివాడి మీదికి నెట్టేస్తాడు.

మన 1932 భాగస్వామ్య చట్టం ఈ తూకం అడగదు. 4వ సెక్షన్ నిర్వచనంలో లాభాల పంపకమే ఉంది. వేరే ఒప్పందం లేకపోతే లాభనష్టాలు సమానమని 13వ సెక్షన్ చెబుతుంది. ఒకరిని నష్టం నుంచి తప్పిస్తూ డీడ్ రాసుకోవచ్చు, ఎందుకో చెప్పక్కర్లేదు. ఇక్కడ సెర్వియస్ ఇచ్చిన వెసులుబాటు ఉంది, సబీనస్ కాపలా లేదు. డీడ్ మీద సంతకం పెట్టేవాళ్లు, నష్టం లేని భాగస్వామి బదులుగా ఏ పని చేస్తాడో అందులోనే రాయించుకోండి.