గాజుబుడ్డిలో పట్టిన ఎండ

కర్నూలులో ఎండ గురించి ఎవరికీ చెప్పక్కర్లేదు. ఏప్రిల్ వచ్చిందంటే మధ్యాహ్నానికే కొండారెడ్డి బురుజు చుట్టూ జనం పలచబడతారు. అలాంటి ఊర్లో పిల్లోడికి రక్తపరీక్ష చేయించి "డి విటమిన్ తక్కువుందమ్మా" అని డాక్టరు అంటే, ఏ తల్లయినా అడిగే మాట ఒకటే: "ఇంత ఎండ పెట్టుకోని తక్కువేంది సార్?"

ఈ ప్రశ్నకు జవాబు చెప్పేవాళ్లకు కొదవ లేదు. చర్మం నలుపనీ, బట్టలు నిండుగా కడతామనీ, పిల్లలు ఫోన్లు పట్టుకుని ఇంట్లోనే కూర్చుంటారనీ ఎవరికి తోచింది వాళ్లు అంటారు. ముందు ఆ ఎండనే కొలిచి చూద్దాం అనుకున్నవాళ్లు మాత్రం అరుదు. తిరుపతిలోని స్విమ్స్ ఆసుపత్రి ఎండోక్రైనాలజీ విభాగంలో పనిచేసిన డాక్టర్ సి.వి. హరినారాయణ్ బృందం, బోస్టన్‌లోని డి విటమిన్ పరిశోధకుడు మైఖేల్ హోలిక్‌తో కలిసి 2013లో ప్రచురించిన అధ్యయనం నాకు అందుకే ఇష్టం.

వాళ్లు చేసిన పని చూడండి. ఒక చిన్న గాజు ఆంప్యూల్ తీసుకున్నారు, ఇంజెక్షన్ మందు వచ్చే బుడ్డి లాంటిది. అందులో ఒక మిల్లీలీటరు మిథనాల్ పోసి, 50 మైక్రోగ్రాముల 7-డీహైడ్రోకొలెస్టరాల్ కరిగించారు. మన చర్మంలో ఉండి, ఎండ తగిలితే డి విటమిన్‌గా మారే ముడిసరుకు ఇదే. బుడ్డి మూతి మూసేసి పొద్దున 8 నుంచి సాయంత్రం 4 దాకా గంట గంటకూ తిరుపతి ఎండకు పెట్టి, లోపలి సరుకు ఎంత మారిందో కొలిచారు. 2007 మే నుంచి 2008 ఆగస్టు దాకా ఇదే పని.

చూడ్డానికి పిల్లల ఆటలా ఉంటుంది. కానీ ఆ బుడ్డిలోంచి ఎన్నిటిని తీసి పక్కన పెట్టారో గమనించాలి. అందులో చర్మం రంగు లేదు, చొక్కా లేదు, తిండి లేదు, తల్లిదండ్రుల నుంచి వచ్చిన జన్యువులు లేవు. ఎండ, దాని ముందు ముడిసరుకు, అంతే. గాజు దగ్గర కూడా జాగ్రత్త ఉంది. డి విటమిన్ పుట్టించేది ఎండలోని 290 నుంచి 315 నానోమీటర్ల మధ్య కిరణాలు. మామూలు కిటికీ అద్దం వాటిని దాదాపు రానివ్వదు, కాబట్టి బడి కిటికీ పక్కన కూర్చున్న పిల్లకు వెచ్చదనమే దక్కుతుంది. అందుకని వీళ్లు బోరోసిలికేట్ గాజు వాడారు.

ఏడాది పొడవునా 11 నుంచి 2 గంటల మధ్యే మార్పు ఎక్కువ. పన్నెండున్నరకు 11.5 శాతం సరుకు మారింది, డి విటమిన్ దారిలో ఉన్నది మొత్తం సరుకులో 10.2 శాతం. ఈ రెండు అంకెలూ విడివిడిగా ఇవ్వడంలోనే పనితనం తెలుస్తుంది. ఎండ మితిమీరితే డి విటమిన్ కావలసిన సరుకు కొంత ల్యూమిస్టరాల్, టాకిస్టరాల్ అనే పనికిరాని రూపాల్లోకి మళ్లిపోతుంది. రోజంతా పొలంలో ఉన్నా ఎండవల్ల డి విటమిన్ విషం కాకపోవడానికి కారణం అదే. మరొకరైతే అంతా కలిపి ఒకే అంకె చెప్పేసేవాళ్లు.

ఇలాంటి పరీక్షతోనే హోలిక్ బృందం 1988లో బోస్టన్ ఎండనూ చూసింది. అక్కడ నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా సరుకు మారనే లేదు. మనకు చలికాలంలోనూ మారుతోంది. అంటే తప్పు ఎండది కాదు.

మరి మన పిల్లలు 11 నుంచి 2 దాకా ఎక్కడుంటారు? తరగతిగదిలో. ఒంటిపూట బడుల రోజుల్లో పన్నెండున్నరకు గంట కొడతారు, బుడ్డిలో అంత మార్పు కనబడిన వేళకే. కానీ అది వడదెబ్బ కొట్టే వేళ కూడా. పుస్తకాల సంచి నెత్తిన పెట్టుకుని నీడ నీడనే పరిగెత్తే పిల్లను ఎవరు తప్పుపడతారు?

ఎండలో ఉంటే చాలా అంటే, అదీ కాదు. ఇదే బృందం 2007లో ప్రచురించిన మరో అధ్యయనంలో, ఎండలో పనిచేసే పల్లెజనంలోనూ మగవాళ్లలో 44 శాతానికి, ఆడవాళ్లలో 70 శాతానికి రక్తంలో డి విటమిన్ మిల్లీలీటరుకు 20 నానోగ్రాముల లోపే ఉంది. 2008 నాటి లెక్కల్లో పల్లె పిల్లల సగటూ, పట్నం పిల్లల సగటూ ఆ గీత కిందే. అందుకే వీళ్లు కంచం వైపూ చూశారు. తిండిలో కాల్షియం తక్కువ, గింజల్లోని ఫైటేట్ ఎక్కువ. ఫైటేట్ ఆ ఉన్న కాల్షియాన్ని పేగులోనే పట్టేసుకుంటుంది. రక్తంలో కాల్షియం తగ్గితే పారాథైరాయిడ్ హార్మోను పెరిగి, నిల్వ ఉన్న డి విటమిన్‌ను తొందరగా ఖర్చు పెట్టిస్తుంది. రాగుల్లో నూరు గ్రాములకు 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉన్నా ఫైటేట్ కూడా ఉంది. నానబెడితే, మొలకెత్తిస్తే, పులియబెడితే అది తగ్గుతుంది. రాత్రి అంబలి పులవబెట్టి పొద్దున పోసే మా సీమ అవ్వలకు ఫైటేట్ పేరు తెలియకపోయినా పని తెలుసు.

ఒకే వీధిలో, ఒకే కంచం తిండి తినే ఇద్దరు పిల్లల రక్తంలో తేడా ఎందుకొస్తుంది? ఇక్కడ జన్యువుల మాట రాక తప్పదు. 2010లో లాన్సెట్‌లో వచ్చిన పెద్ద అధ్యయనం నాలుగు చోట్లు చూపించింది. డీహెచ్‌సీఆర్7 జన్యువు చేసే ఎంజైము చర్మంలోని ముడిసరుకును కొలెస్టరాల్ వైపు మళ్లిస్తుంది. సీవైపీ2ఆర్1ది కాలేయంలో పని. జీసీ జన్యువు నుంచి వచ్చే ప్రొటీను రక్తంలో డి విటమిన్‌ను మోస్తుంది. సీవైపీ24ఏ1ది దాన్ని కరిగించే పని. అయితే అందులో చూసినవాళ్లు యూరప్ మూలాలవాళ్లు. ఆ లెక్కను మన పిల్లలకు యథాతథంగా అంటగట్టలేం.

బరువు గురించి జన్యువులతో చేసిన ఒక పని, గాజుబుడ్డికి తోబుట్టువులాంటిది. లావుగా ఉన్నవాళ్లలో డి విటమిన్ తక్కువ కనిపిస్తుంది. ఏది ముందు? బరువు పెరగడమా, విటమిన్ తగ్గడమా? కరణి విమలేశ్వరన్, సహచరులు 2013లో 21 అధ్యయనాల్లోని 42,024 మంది సమాచారం తీసుకుని, జన్యువులనే తూకంరాళ్లుగా వాడారు. జన్యువులు తల్లి కడుపులోనే ఖాయమైపోతాయి, తర్వాతి తిండీ ఎండా వాటిని మార్చలేవు. బుడ్డి చర్మాన్ని తీసేసినట్టే, ఈ పద్ధతి జీవితపు అలవాట్లను చాలావరకు తీసేస్తుంది. బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు లెక్క, 10 శాతం పెరిగితే డి విటమిన్ 4.2 శాతం తగ్గుతుందని తేలింది. తిరగేసి చూస్తే, డి విటమిన్ తక్కువుండటం వల్ల బరువు పెరిగిన గుర్తు ఉన్నా అతి స్వల్పం. లెక్క పెద్దవాళ్లదే అయినా, బొద్దుగా ఉన్న పిల్లోడికి డి విటమిన్ చుక్కలు వేస్తే సన్నబడతాడని ఆశపెట్టేవాళ్లు ఒకసారి చదవాల్సిన లెక్క.

2016–18 నాటి సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో డి విటమిన్ లోపం ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల్లో 14 శాతం, అయిదు నుంచి తొమ్మిదేళ్లవాళ్లలో 18, పది నుంచి పందొమ్మిదేళ్లవాళ్లలో 24. వయసుతో లోపం ఎందుకు పెరుగుతోందో ఒక్క బుడ్డి చెప్పలేదు. కానీ కర్నూలు తల్లి అడిగిన ప్రశ్నలో సగానికి, ఆమె తలమీది ఎండనే సాక్షిగా పిలిచి, అది జవాబిచ్చింది.