బొచ్చుకుక్క పంటిగాటు

కుక్కకాటుకు చెప్పుదెబ్బ యని మన పెద్దలు లోకరీతిని చెప్పిరే కాని శునకశిక్షణకు సూత్రము చెప్పలేదు. ఆ భేదము నెరుగక, చింతపల్లి కొండలకెక్కు దారిలోని నర్సీపట్నమువంటి పట్టణములలో సైతము ఇప్పుడు ముద్దుగా పెరుగుచున్న పామరేనియన్, డాక్సుండు, పగ్ జాతుల బుల్లికుక్కలు చటుక్కున చేతిని పంట పట్టినంతనే కొందరు చెప్పు నందుకొందురు; తక్కినవారు ఫక్కున నవ్వుదురు. నవ్వుటయే ఎక్కువ హానికరమని నా తలంపు. అదే పని ఆల్సేషియన్ చేసినచో వీధి యంతయు గగ్గోలు పడును గదా!

ఈ చిన్నజాతులలో పెక్కు అలంకారమునకు పుట్టినవి కావు. కలుగులలో దూరి బాడ్జరను జంతువుతో పోరాడుటకై జర్మనులు డాక్సుండును పెంచిరి. వేల్సు దేశపు కోర్గీ పశువుల మడమలను కొరికి మందను తోలెడిది. పిల్లవాని కాళ్లవెంట పరుగిడి మడమ నందుకొను కుక్కయందు అట్టి పూర్వవృత్తి వాసన మిగిలియుండవచ్చునని గ్రహించినచో మన కోపము సగము చల్లారును.

పంటిపట్టును అదుపులో నుంచుకొను విద్యకు తొలి గురువులు తల్లియు తోబుట్టువులును. ఒకదానిపై నొకటి దొర్లుచు ఆడునప్పుడు ఒక పిల్ల తోడిదాని చెవిని గట్టిగా కొరికెనా, అది కుయ్యిమని తొలగిపోవును. పాలు కుడుచుచు కొరికినచో తల్లి లేచిపోవును. దెబ్బ లేదు, తిట్టు లేదు. ఆట ఆగినది, అంతే. ఈ చదువు ముగియకముందే నెల నిండని కూనను బుట్టలో పెట్టుకొని తెచ్చినవారు ఆ పాఠమును తామే చెప్పవలసివచ్చును. ఎనిమిదివారములు నిండని పిల్లను అమ్మరాదని 2017 నాటి కేంద్రప్రభుత్వ నిబంధనలు శాసించుట ఊరక కాదు.

పంటిమొన తగిలినంతనే చేతిని గుంజుకొనరాదు. గుంజినకొలది దానికి ఆట రంజగును. చేయి కదల్పక ఆట నాపి, మాటలేక లేచి, అరనిమిషము అటు తిరిగి నిలిచి, పిదప మరల ఆడింపవలెను. 28 పాలపండ్లు రాలి 42 స్థిరదంతములు వచ్చువరకు, అనగా ఇంచుమించు ఏడవనెల వరకు, చిగుళ్లు సలుపును గనుక తడిపి చల్లబరచిన గుడ్డపేలికను కొరుకనీయవలెను. తాతగారు ముద్దుచేసి, అమ్మ కసరి, పిల్లలు వ్రేళ్లు నోటికిచ్చి ఆడించు ఇంట ఏ పాఠమును నిలువదు.

పెరిగిన కుక్క సంగతి వేరు. బలవంతముగా ఒడిలో కూర్చుండబెట్టిన కుక్కను పరికింపుడు. మొగము ప్రక్కకు త్రిప్పును, పెదవులు నాకును, కనుగ్రుడ్ల తెలుపు కనబడునట్లు ఓరగా చూచును, ఒక్కక్షణము కొయ్యబారును. ఇన్ని విధముల వలదని చెప్పినను చేయి తీయనివారికే పంటిగాటు. గుఱ్ఱుమన్నందుకు కొట్టినచో హెచ్చరిక మానును గాని కాటు మానదు. అంతవరకు సాధువైన కుక్క హఠాత్తుగా కరచినచో పశువైద్యునికి చూపవలెను. పంటిజబ్బు, మోకాలిచిప్ప జారుట చిన్నజాతులలో హెచ్చు.

ఇంటికుక్కయే గదా యని ఉపేక్షింపకుడు. చర్మము చిట్లినచో కారము, సున్నము పూయక, సబ్బుతో పారునీటిక్రింద 15 నిమిషములు కడిగి, ఆనాడే ఏరియా ఆసుపత్రికి పోయి వైద్యుని సలహాపై టీకా వేయించుకొనుడు.