దండయాత్రతో అణ్వస్త్ర వ్యాప్తి ఆగుతుందా? — ఒక విమర్శ

అణ్వస్త్రాలు సంపాదించబోతున్నదని అనుమానం కలిగిన దేశంపైకి ముందుగానే సైన్యాన్ని నడిపితే లోకానికి ప్రమాదం తప్పుతుందన్న వాదం నాలుగు దశాబ్దాలకు పైగా వినవస్తున్నది. దానికి అత్యంత ప్రసిద్ధమైన రూపం 2003 ఫిబ్రవరి 5న అమెరికా విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్ భద్రతా మండలిలో చేసిన ప్రసంగం. దండయాత్ర వాదం ఎంత బలమైనదో తేల్చుకోవడానికి ఆ ప్రసంగమే తగిన గీటురాయి.

ఇరాక్ కొన్న అల్యూమినియం గొట్టాలు యురేనియం శుద్ధి యంత్రాల కోసమేనని పావెల్ వాదించారు. అంతకు కొద్దిరోజుల ముందు అధ్యక్షుడు బుష్, ఇరాక్ ఆఫ్రికాలో యురేనియం కొనుగోలుకు ప్రయత్నించిందని ప్రకటించి ఉన్నారు. అప్పటికి ఐక్యరాజ్యసమితి పరిశీలకులు ఇరాక్‌లోనే పనిచేస్తున్నారు. మార్చి 7న అంతర్జాతీయ అణుశక్తి సంస్థ అధిపతి మొహమ్మద్ అల్ బరాదీ మండలికి నివేదిస్తూ, నైజర్ యురేనియం పత్రాలు అసలైనవి కావని, గొట్టాలను శుద్ధి యంత్రాలకు ఉద్దేశించినట్లు ఆధారం లేదని స్పష్టం చేశారు. పరిశీలకులు మరికొన్ని నెలల గడువు కోరారు. దొరికినది పదమూడు రోజులు. మార్చి 20న యుద్ధం మొదలైంది. ఇరాక్ తన అణ్వస్త్ర కార్యక్రమాన్ని 1991లోనే ముగించిందని 2004లో అమెరికా నియమించిన సర్వే బృందమే తేల్చింది. ఆ ప్రసంగం తనకొక మచ్చ అని 2005లో పావెల్ స్వయంగా అంగీకరించారు. లేని ఆయుధాన్ని తొలగించడానికి ఒక దేశాన్నే కూల్చివేయడం జరిగింది.

అయితే ఒక్క పొరపాటును చూపి సిద్ధాంతాన్నంతటినీ కొట్టివేయడం న్యాయం కాదు. ఆ సిద్ధాంత సమర్థకులు 1981ని తమ విజయంగా చెప్పుకుంటారు. ఆ ఏడు జూన్ 7న ఇజ్రాయెల్ విమానాలు బాగ్దాద్ సమీపంలోని ఒసిరాక్ రియాక్టరును కూల్చాయి. అది బహిరంగంగా, అంతర్జాతీయ తనిఖీ కింద ఉన్న రియాక్టరు. ఆ దాడి తనిఖీ వ్యవస్థకే తీవ్ర ప్రమాదమని భద్రతా మండలి 487వ తీర్మానంలో ఏకగ్రీవంగా ఖండించింది. తరువాత జరిగినదేమిటి? ఇరాక్ ఆ ప్రయత్నాన్ని మానలేదు, రహస్యంలోకి మార్చింది. 1991 యుద్ధంలో బాంబుల వర్షం కురిసినా ఆ రహస్య కేంద్రాలలో చాలా భాగం బయటపడలేదు. వాటిని కనిపెట్టి, కూల్చివేయించినది యుద్ధానంతరం వెళ్ళిన పరిశీలకులు. వారిని లోపలికి రానిచ్చేట్లు చేసినది ఆ ఓటమే అన్న మాట నిజమే. కాని ఆ యుద్ధం కువైట్ విమోచన పేరిట జరిగినది. ఆయుధాలను తొలగించిన పని మాత్రం పరిశీలకులది.

2007 సెప్టెంబరులో సిరియాలోని అల్ కిబర్‌పై జరిగిన దాడి తరువాత అక్కడ కార్యక్రమం తిరిగి తలెత్తలేదన్నది ఒప్పుకోవలసినదే. అది నిర్మాణంలో ఉన్న ఒకే కట్టడం. శాస్త్రజ్ఞులు, యంత్రాలు, నిల్వలు దేశమంతటా విస్తరించిన చోట ఆ ఉదాహరణ పనికిరాదు.

ఇరాన్ ఇందుకు నిదర్శనం. 2015 ఒప్పందం ప్రకారం ఆ దేశం 3.67 శాతానికి మించి యురేనియం శుద్ధి చేయరాదు. నిల్వ 300 కిలోలు దాటరాదు. తనిఖీలు సాగుతుండగానే 2018లో అమెరికా ఆ ఒప్పందం నుండి తప్పుకున్నది. 2021లో ఇరాన్ 60 శాతం శుద్ధికి చేరింది. 2025 జూన్ 13న ఇజ్రాయెల్, 22న అమెరికా దాడి చేశాయి. దాడులకు ముందు 60 శాతం శుద్ధి చేసిన యురేనియం 440 కిలోలకు పైగా ఉన్నదని అణుశక్తి సంస్థ లెక్కగట్టింది. దాడుల తరువాత పరిశీలకులు దేశం విడిచారు; ఆ నిల్వను కంటితో చూసి ధ్రువీకరించే వీలు సంస్థకు లేకపోయింది. కట్టడాలు కూలాయి, లెక్క తప్పిపోయింది.

ఇతర దేశాలు నేర్చుకున్న పాఠం మరింత చేటైనది. 2003 డిసెంబరులో లిబియా తన కార్యక్రమాన్ని వదులుకుంటానని ప్రకటించింది. 2011లో నాటో బాంబులకు గురి అయింది. ఉత్తర కొరియా 2006లో అణు పరీక్ష జరిపింది. దానిపై ఎవరూ దండెత్తలేదు. ఆయుధం లేనివాడే దెబ్బ తింటాడని లోకం గ్రహిస్తే ఆ గ్రహింపు వ్యాప్తికి ప్రోత్సాహమే. ఇందుకు భిన్నంగా దక్షిణాఫ్రికా తన ఆరు బాంబులను తానే విప్పివేసి, 1991లో వ్యాప్తి నిరోధక ఒప్పందంలో చేరి, పరిశీలకులకు తలుపులు తెరిచింది.

తనిఖీ అంటే ప్రధానంగా కొలత. శ్రీశైలం జలాశయం నుండి రాయలసీమకు నీరందించే పోతిరెడ్డిపాడు తూములు నంద్యాల జిల్లా జూపాడు బంగ్లా మండలంలో ఉన్నాయి. అక్కడ ఎంత నీరు తీసుకుంటున్నారన్నది రెండు తెలుగు రాష్ట్రాల మధ్య తీరని తగవు. ఒకరి లెక్కను మరొకరు నమ్మనప్పుడు దారి చూపేది ఉభయులూ ఒప్పుకునే కొలత ఒక్కటే. తూములు పగలగొడితే నీటి లెక్క తేలదు. అణుపదార్థం సంగతీ అంతే. కొలిచేవారిని వెళ్ళగొట్టే యుద్ధం అనుమానాన్ని పెంచుతుందే తప్ప తీర్చదు.

వార్త వచ్చినప్పుడు విచారించి నిర్ధారించుకోవాలన్న సూరె హుజురాత్ బోధ ముస్లిం పాఠకులకు కొత్త కాదు. నైజర్ పత్రాల విచారణకు పట్టినది కొద్ది వారాలు. దాని ఫలితాన్ని వినడానికి నిరాకరించినందుకు ఇరాక్ ప్రజలు చెల్లించిన మూల్యం ఏళ్ళ తరబడి సాగింది.