పెంటకు హద్దులు లేవా?

'పెంట' అనగానే చదువుకున్నోళ్లు ముక్కు మూసుకుంటారు. నల్లమల చెంచులకు మాత్రం పెంట అంటే ఊరు. అప్పాపూర్, బౌరాపూర్, మేడిమల్కల అట్లాంటి పెంటలే. ఊరవతల వాడలో పుట్టి, మా ఇంట్లో మొదటిసారి యూనివర్సిటీ మెట్లెక్కిన నాకు ఇది కొత్త కాదు. మా వాడ పేరు చెప్పినా ఎదుటోళ్ల ముఖం అట్లనే మారేది.

కాప్రాలో అద్దెగదిలో కూర్చొని హైమన్‌డార్ఫ్ 1943లో అచ్చువేసిన 'ది చెంచూస్' మళ్లీ చదివాను. యుద్ధకాలంలో నిజాం రాజ్యంలో ఉండిపోయిన ఈ ఆస్ట్రియా పండితుడు 1940లో అమ్రాబాద్ పీఠభూమి మీద చెంచుల మధ్య గడిపాడు. ఆయన రాసినదాంట్లో విలువైనది ఒకటుంది. చెంచులు దిక్కులేకుండా తిరగరు. ఏ గుంపు అడవి దానిదే. వాగులు, గుట్టలే హద్దులు. తండ్రి వైపు, తల్లి వైపు, పెళ్లితో కలిసిన వైపు బంధుత్వాన్ని బట్టి ఎవరు ఎక్కడ ఉండొచ్చో, ఎక్కడ గడ్డలు తవ్వుకోవచ్చో తేలుతుంది. ఎండాకాలం చెదిరిపోయినా మళ్లీ పెంటకు చేరతారు.

మరి ఇది యాజమాన్యం కాదా? ఇక్కడే పుస్తకం తడబడుతుంది. పేరులోనే చెంచులు 'దక్కన్ అడవి జనం' అయ్యారు. హద్దులు తెలిసిన మనుషుల్ని ఆహార సేకరణ దశ నాటి అవశేషాలుగా చూసిన చూపు అది. దాంతో హక్కు కాస్తా దయ అయింది. చెంచులకు రిజర్వు కేటాయించాలన్న ఆలోచన మేలు కోరిందే. కానీ వాళ్ల అడవిని వాళ్లకే దానమిచ్చినట్టయింది. దానం చేసినోడు వెనక్కి తీసుకోగలడు. 1978లో అభయారణ్యం, 1983లో పులుల ప్రాజెక్టు వచ్చాక జరిగింది అదే. పెంటలను మైదానానికి తరలించాలన్న మాట అప్పటినుంచీ ఆగలేదు.

కాప్రాలో వంద గజాల ప్లాటుకు నాలుగు మూలలా రాళ్లు పాతి కాగితం చూపిస్తే సొంతమంటారు. వాగును హద్దుగా పెట్టుకొని తరతరాలు బతికినోళ్లను అడవిలో తిరిగేటోళ్లంటారు. కాగితం కులాన్నిబట్టి మాట్లాడుతుందా?

2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(ఇ) ఆదిమ తెగలకు ఆవాస ప్రాంతం మీదే సామూహిక హక్కు ఉందని ఒప్పుకుంది. అంటే ఇంటిస్థలం పట్టా ఒక్కటే కాదు, తిరిగే అడవి, తవ్వుకునే గడ్డ, మొక్కే సలేశ్వరం లింగమయ్య కూడా. హైమన్‌డార్ఫ్ పుస్తకాన్ని ఇప్పుడు జాలికథగా కాదు, సాక్ష్యంగా చదవాలి.

మన తప్పూ ఒప్పుకుందాం. ఊరు, వాడ అని రెండే గీతలు గీసి దళిత విమర్శ చాలా రాసింది. పెంట ఆ పటంలో లేకుండా పోయింది. మిత్రులారా, చెంచుల మీద పరిశోధన చేసేటోళ్లు ముందు వాళ్ల హద్దులు వాళ్ల నోటితోనే వినండి. ఆ పటం వాళ్ల చేతికే ఇచ్చి రండి.