క్యూ తూకం: బలం లెక్క, చేతి లెక్క

పూల్ ఆటలో బంతిని కొట్టే కర్రైన క్యూ బరువును మార్చుకోవడం పైకి చిన్న మరమ్మతులా కనిపించినా, తన చేతికీ కర్రకూ బంతికీ మధ్య ఏం జరుగుతోందో ఆటగాడికి ఎంతవరకు తెలుసో తేల్చేది ఆ పనే. పూల్ క్యూ సాధారణంగా 58 అంగుళాల పొడవు, అంటే దాదాపు 147 సెంటీమీటర్లు ఉంటుంది. దానిలో బంతి వైపు సన్నబడుతూ పోయే ముందు భాగాన్ని షాఫ్ట్ అనీ, చేత్తో పట్టుకునే లావుపాటి వెనుక భాగాన్ని బట్ అనీ, ఆ రెండూ మరతో బిగిసే చోటును జాయింట్ అనీ అంటారు. బరువును ఔన్సుల్లో చెప్పడం ఈ ఆటలో ఆనవాయితీ. ఒక ఔన్సు 28.35 గ్రాములు. మార్కెట్లో దొరికే క్యూలలో ఎక్కువ భాగం 18 నుంచి 21 ఔన్సుల మధ్య, వాటిలోనూ 19 ఔన్సుల చుట్టుపక్కల ఉంటాయి. అంతర్జాతీయ నిబంధనలు గరిష్ఠ బరువును 25 ఔన్సులుగా నిర్ణయించి, కనిష్ఠం విషయంలో ఏ హద్దూ పెట్టలేదు కనుక, ఎంపిక దాదాపు పూర్తిగా ఆటగాడి వివేకానికే వదిలేసినట్టయింది.

బరువు పెంచితే దెబ్బకు బలం పెరుగుతుందన్న నమ్మకంతోనే చాలామంది ఈ మార్పుకు పూనుకుంటారు. ఆ నమ్మకాన్ని లెక్కవేసి చూడటం అవసరం. క్యూ ఒకే వేగంతో వచ్చి తాకిందనుకుంటే, తెల్ల బంతి అందుకునే వేగం, క్యూ బరువును క్యూ, బంతుల మొత్తం బరువుతో భాగిస్తే వచ్చే భిన్నాన్ని బట్టి మారుతుంది. పూల్ బంతి బరువు 5.5 నుంచి 6 ఔన్సులు. దాన్ని 6గా తీసుకుంటే, 18 ఔన్సుల క్యూకు ఆ భిన్నం 0.75, 21 ఔన్సుల క్యూకు దాదాపు 0.78 అవుతుంది. అంటే ఏకంగా మూడు ఔన్సులు ఎక్కించినా బంతి వేగంలో పెరుగుదల నాలుగు శాతం లోపే. పైగా చేయి అంతే శ్రమ పెడితే బరువైన కర్ర నెమ్మదిగా కదులుతుంది. రెండు క్యూలకూ అందే శక్తి సమానమని భావిస్తే బరువైన దాని వేగం ఏడు శాతానికి పైగా తగ్గి, చివరికి బంతి వేగమే సుమారు నాలుగు శాతం పడిపోతుంది. నిజమైన ఆటలో కర్రతోపాటు ముంజేయి కూడా కదులుతుంది కనుక ఫలితం ఈ రెండు అంచుల మధ్య నిలుస్తుంది. ఏ వైపు చూసినా, బలం కోసం తూకం మార్చడానికి తగిన ఆధారం లేదు.

తేడా స్పష్టంగా తెలిసేది చేతికి. బరువు ఎంత పెరిగిందన్న దానితోపాటు అది ఎక్కడ చేరిందన్నదీ ఇక్కడ ముఖ్యం. క్యూను ఒక వేలిపై అడ్డంగా నిలిపినప్పుడు ఎటూ ఒరగకుండా ఆగే చోటును సమతుల్య బిందువు అంటారు. ఉదాహరణకు 539 గ్రాముల క్యూకు అది బట్ చివరి నుంచి 47 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుందాం. చివరికి 8 సెంటీమీటర్ల దూరంలో ఒక ఔన్సు చేరిస్తే, ఆ బిందువు సుమారు రెండు సెంటీమీటర్లు వెనక్కి జరుగుతుంది. మోసే బరువు అదే అయినా భుజం ఆనే చోటు జరిగితే కావడి నడక మారిపోయినట్టే, ఈ రెండు సెంటీమీటర్లతో ముందుచేతిపై క్యూ మోపే భారం తగ్గి, వెనుకచేతి ఊపు తీరు మారుతుంది. తూకం మార్చాలనుకునేవారు ముందుగా తేల్చుకోవలసింది, తమకు బరువైన క్యూ కావాలా లేక వెనుక బరువున్న క్యూ కావాలా అన్నది. అవి రెండూ ఒకటి కావు.

పని చేసే పద్ధతి కష్టమైనది కాదు గాని ఓపిక కోరుతుంది. బట్ చివర నేలకు తగిలే రబ్బరు బిరడాను బంపర్ అంటారు. దాన్ని తీస్తే లోపల మరలు కోసిన రంధ్రం, అందులో వెయిట్ బోల్ట్ అనే ఉక్కు మర కనిపిస్తాయి. చాలా క్యూలలో దాన్ని పొడవాటి ఆలన్ కీతో విప్పి, వేరే పొడవున్న బోల్ట్ బిగించవచ్చు. మర కొలతలు ఒక్కో తయారీదారుకు ఒక్కో విధంగా ఉంటాయి కనుక ఆ క్యూకు తగిన బోల్టే తెచ్చుకోవాలి. సరిపోనిదాన్ని బలవంతంగా తిప్పితే బట్ కర్ర చీలిపోయే ప్రమాదం ఉంది. విప్పే ముందు గ్రాముల త్రాసుపై మొత్తం బరువు తూచి, సమతుల్య బిందువు దగ్గర చిన్న కాగితపు టేపు అంటించి, ఆ రెండూ రాసుకోవడం మంచిది. ఒక్కసారికి అర ఔన్సుకు మించి మార్చకూడదు. బిగించాక బట్‌ను అరచేతిపై మెల్లగా తట్టి, లోపల ఏదైనా గలగలమంటోందేమో వినాలి. వదులుగా ఉన్న బోల్ట్ ప్రతి దెబ్బకూ కర్రలో అదురు పుట్టించి, చేతికి తప్పుడు సమాచారం ఇస్తుంది.

స్నూకర్ క్యూలలో చాలావాటికి తయారీలోనే బట్ లోపల సీసం అమర్చేస్తారు కనుక వాటి తూకం మార్చడం నిపుణుడి పని. హైదరాబాద్, విశాఖపట్నం వంటి నగరాల్లోని పార్లర్లలో గోడకు నిలిపి ఉంచే ఒంటిముక్క క్యూలు కూడా సాధారణంగా విప్పడానికి వీలైనవి కావు. అక్కడ ఆడేవారు ఉన్నవాటిలో తమ చేతికి కుదిరినదాన్ని గుర్తుపట్టి ప్రతిసారీ దాన్నే ఎంచుకుంటే, తూకం సవరించుకున్నంత ప్రయోజనం దక్కుతుంది.

కొత్త తూకాన్ని బ్రేక్ షాట్‌తో, అంటే బంతుల గుంపును చెదరగొట్టే తొలి దెబ్బతో పరీక్షించడం సరికాదు, ఎందుకంటే ఆ ఊపులో చేతి తొందర మిగతా అన్నిటినీ కప్పేస్తుంది. ఆట మొదలుపెట్టేది ఎవరో తేల్చడానికి బంతిని అవతలి అంచుకు పంపి ఇవతలి అంచు దగ్గర ఆగేలా కొట్టే లాగ్ షాట్ ఇందుకు తగిన కొలమానం. వేగం తక్కువగా, దూరం ఎక్కువగా ఉండే ఆ దెబ్బలో కర్ర చేతికి ముందు పోతోందో వెనుకబడుతోందో దాచడానికి వీలుండదు. బంతులు వరుసగా ఒకే చోటికి చేరువగా ఆగుతుంటే తూకం కుదిరినట్టు. ఒకటి ముందు, ఒకటి వెనుక పడుతుంటే మరికొన్ని రోజులు అదే బరువుతో ఆడి చూడాలే తప్ప ఆ సాయంత్రమే మళ్లీ బోల్ట్ విప్పకూడదు, ఎందుకంటే కండరాలు కొత్త బరువుకు అలవాటు పడకముందే దాన్ని మార్చేస్తే లోపం కర్రదో చేతిదో ఎన్నటికీ తెలియదు. ఏ పనిముట్టునైనా తనకు తగినట్టు సవరించుకునే హక్కు పనివాడికి ఉంది. ఒకసారికి ఒక్కటే మార్చి, మార్చినదాన్ని కొలిచి, ఫలితం తేలేదాకా ఆగగలిగినవాడే ఆ హక్కును సరిగా వాడుకోగలడు.