కొలిచేవి రెండు, తేల్చేవి రెండు

విద్యుత్ వలయంలో మీటరు పెట్టి కొలిచేవి ప్రధానంగా రెండు: ఆవేశాన్ని తీగ వెంట నడిపించే వోల్టేజి, సెకనుకు ఎంత ఆవేశం సాగుతున్నదో చెప్పే ప్రవాహం, అంటే వాడుకలో కరెంటు. ఆ ప్రవాహానికి తీగ ఎంత అడ్డుపడుతున్నదో తెలిపే నిరోధాన్నీ, సెకనుకు ఎంత శక్తి ఖర్చవుతున్నదో తెలిపే సామర్థ్యాన్నీ ఈ రెండు కొలతల నుంచే లెక్కగట్టవచ్చు. వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే నిరోధం ఓంలలోనూ, గుణిస్తే సామర్థ్యం వాట్లలోనూ వస్తాయి. హైస్కూలు విద్యార్థి అర నిమిషంలో చేసే లెక్క ఇది. అయితే అందులో వేసే అంకెలు నమ్మదగినవిగా ఉండడానికి పట్టిన శ్రమ చాలా పెద్దది.

జర్మనీలోని ఎర్లాంగెన్‌లో తాళాలు చేసే వృత్తివారి ఇంట 1789లో పుట్టిన గేయోర్గ్ సిమోన్ ఓమ్, కొలోన్ నగరంలో ఉపాధ్యాయుడిగా ఉంటూ ఈ సంబంధాన్ని వెదికాడు. ఆయన మొదట వాడిన వోల్టా ఘటమాల పనిచేస్తున్న కొద్దీ నీరసించేది. 1825లో ప్రకటించిన తొలి సూత్రం సరిపడకపోవడానికి ఈ నిలకడలేమి ఒక కారణం. భౌతిక శాస్త్రవేత్త పొగ్గెన్‌డార్ఫ్ సలహా మీద ఆయన ఘటమాలను పక్కనబెట్టి, బిస్మత్, రాగి లోహాలను రెండు చోట్ల అతికిన ఉష్ణయుగ్మాన్ని చేపట్టాడు. ఒక అతుకును మరిగే నీటిలోనూ, రెండో దానిని మంచులోనూ ఉంచితే, ఆ వేడిమి తేడా మారనంత సేపూ వోల్టేజి కూడా మారదు. ప్రవాహాన్ని కొలవడానికి ఒక అయస్కాంత సూదిని సన్నని పట్టీకి వేలాడదీసి, కరెంటు వల్ల పక్కకు తిరిగిన సూదిని మళ్లీ మొదటి స్థానానికి తేవడానికి ఆ పట్టీని ఎంత మెలితిప్పవలసి వచ్చిందో చూశాడు. మందం ఒకటే అయి పొడవులు వేరైన ఎనిమిది రాగి తీగలను ఒకదాని తర్వాత ఒకటి కలిపి చూసి, తీగ పొడవుకు వలయంలోని మిగతా భాగపు నిరోధాన్ని కూడితే వచ్చే మొత్తానికి విలోమంగా ప్రవాహం ఉంటుందని 1826లో తేల్చాడు. మరుసటి ఏడు వచ్చిన ఆయన గ్రంథం గణితంతో నిండినదే గాని, దాని బలమంతా ఆ మంచులోనూ మరిగే నీటిలోనూ ఉన్నదనడం న్యాయం.

వోల్టేజినీ కరెంటునూ కొలిచి నిరోధాన్ని లెక్కగట్టే పద్ధతిలో మీటరు కూడా వలయంలో భాగమవుతుందన్న సంగతి మరవకూడదు. అమ్మీటరును నిరోధంతో శ్రేణిలో, అంటే ఒకే దారిలో వరుసగా కలుపుతారు. వోల్ట్‌మీటరును సమాంతరంగా, అంటే రెండు కొనల మధ్య అడ్డంగా కలుపుతారు. పదివేల ఓంల నిరోధానికి, తన సొంత నిరోధం కూడా పదివేల ఓంలే అయిన పాత వోల్ట్‌మీటరును తగిలిస్తే, సగం కరెంటు మీటరు గుండా పోయి, లెక్కలో నిరోధం అయిదువేల ఓంలుగా తేలుతుంది. వోల్ట్‌మీటరు అమ్మీటరును కూడా కలుపుకొని కొలిచేలా తీగ మారిస్తే, ఒక ఓం నిరోధం గల అమ్మీటరు చేర్చే పొరపాటు పదివేలలో ఒకటి మాత్రమే. కొలవవలసినది రెండు ఓంల తీగ అయినప్పుడు ఇదే అమరిక మూడు ఓంలు చూపుతుంది కనుక, అక్కడ మొదటి అమరికే సరైనది. ఒక్క తీగ ఎక్కడ తగిలించాలో తెలియడమే ఇక్కడి నేర్పు.

నిరోధం ఎప్పుడూ ఒకే అంకె అనుకోవడం మరో పొరపాటు. 230 వోల్టుల వద్ద వెలిగే 100 వాట్ల ఫిలమెంటు బల్బు 0.43 ఆంపియర్లు తీసుకుంటుంది కనుక దాని నిరోధం 529 ఓంలు. ఆరిన బల్బును మల్టీమీటరుతో చూస్తే మాత్రం సుమారు 40 ఓంలే కనిపిస్తాయి, ఎందుకంటే వేడెక్కిన టంగ్‌స్టన్ చల్లని టంగ్‌స్టన్ కన్నా ఎన్నో రెట్లు అడ్డుపడుతుంది. స్విచ్చి వేసిన క్షణంలో కరెంటు ఒక్కసారిగా ఎగబాకడానికీ, పాతబడిన బల్బులు తరచుగా ఆ క్షణంలోనే మాడిపోవడానికీ కారణం ఇదే.

ప్రవాహపు వర్గాన్ని నిరోధంతో గుణిస్తే తీగలో సెకనుకు పుట్టే వేడి తెలుస్తుందని భౌతిక శాస్త్రవేత్త జూల్ 1841లో చూపాడు. 230 వోల్టులకు తయారైన 1000 వాట్ల నీళ్ల హీటరు నిరోధం దాదాపు 53 ఓంలు. వోల్టేజి 180కి పడిపోతే అది 612 వాట్లే ఇస్తుంది కనుక నీళ్లు కాగడానికి ఒకటిన్నర రెట్లకు మించి సమయం పడుతుంది. హీటరుకు ఇంతకు మించిన హాని లేదు.

బోరుబావి మోటారు విషయం ఇందుకు పూర్తిగా భిన్నం. ఏకాంతర విద్యుత్తులో, అంటే దిశ మార్చుకుంటూ సాగే ప్రవాహంలో, మోటారు చుట్టల అయస్కాంతత్వం వల్ల కరెంటు వోల్టేజికి వెనుకబడుతుంది. అందువల్ల రెంటినీ గుణించగా వచ్చినదాన్ని పవర్ ఫ్యాక్టర్ అనే గుణకంతో మళ్లీ గుణించాలి. మూడు ఫేజుల మోటారుకు మూడు వర్గమూలం, అంటే 1.732 కూడా చేరుతుంది. 415 వోల్టుల వద్ద 7.5 ఆంపియర్లు, 0.8 పవర్ ఫ్యాక్టర్‌తో నడిచే 5 హార్స్‌పవర్ మోటారు సుమారు 4,300 వాట్లు తీసుకుంటుంది. 5 హార్స్‌పవర్ అంటే 3,730 వాట్లు కనుక, మిగిలినది వేడిగానూ రాపిడిగానూ పోతుంది. వోల్టేజి 350కి తగ్గినా పైకి తోడవలసిన నీటి బరువు తగ్గదు. ఆ పని దాదాపు అంతే ఉండడం వల్ల మోటారు కరెంటును ఇంచుమించు 9 ఆంపియర్లకు పెంచుకుంటుంది. చుట్టల్లో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది గనుక అది 40 శాతానికి పైగా ఎక్కువై, రాగి తీగ మీది వార్నిష్ పూత క్రమంగా నల్లబడి, పగిలి, పక్కపక్క చుట్లు ఒకదానికొకటి తగులుకుంటాయి. లో వోల్టేజికి మోటారు కాలిందని రైతు అంటే అర్థం ఇదే. కొత్త తీగతో రివైండింగ్ చేయించుకునేదాకా ఆ బోరు కింది మడికి నీళ్లు రావు.