బినోదినీ దాసి: ఎగ్గొట్టిన పేరు

బెంగాలీ రంగస్థల నటి బినోదినీ దాసి ఆత్మకథ 'ఆమార్ కథా' 1912లో వచ్చింది. దీన్ని ఒక పతిత పశ్చాత్తాపంగా చదవడం చాలా సులువు. తనను తాను పాపిష్టిదాన్నని ఆమే అంటుంది గదా! కానీ ఆ ఏడుపు వెనక ఒక లెక్క ఉంది. ఎవరు ఏం తీసుకున్నారు, ఏం ఇస్తామన్నారు, ఏం ఎగ్గొట్టారు అనే లెక్క. దాన్ని వదిలేసి కన్నీళ్లను మాత్రమే మెచ్చుకుంటే అది అగ్రవర్ణ విమర్శే అవుతుంది.

ముందు పేరు సంగతి చూద్దాం. ఆనాటి బెంగాల్‌లో బ్రాహ్మణ స్త్రీ పేరు చివర 'దేవి', బ్రాహ్మణేతర స్త్రీ పేరు చివర 'దాసి'. వేదికెక్కి సతి వేషం కట్టినా, దమయంతి వేషం కట్టినా, దిగితే ఆమె దాసియే.

1863 ప్రాంతంలో కలకత్తాలో పుట్టింది. అమ్మ, అమ్మమ్మల దగ్గర పెరిగింది. పసివాడైన తమ్ముడికి పెళ్లి చేసి, పెళ్లికూతురితో వచ్చిన కాసిని నగలు అమ్ముకుని ఇల్లు గడుపుకున్నారు. 1874లో గ్రేట్ నేషనల్ థియేటర్‌లో చేరేనాటికి ఆమెకు పదకొండు పన్నెండేళ్లు. జీతం నెలకు పది రూపాయలు. నటన మీద ప్రేమ తర్వాత పుట్టింది, ముందు ఉన్నది ఆకలే.

అంతకు ముందు ఏడాదే, 1873లో, బెంగాల్ థియేటర్ వేశ్యావాటికల నుంచి నటీమణుల్ని తెచ్చుకుంది. దాన్ని నిరసిస్తూ విద్యాసాగర్ ఆ థియేటర్ కమిటీ నుంచి తప్పుకున్నాడు. వితంతు వివాహాల కోసం పోరాడిన మనిషి ఆయన! సంస్కరణ ఎవరి గడప దగ్గర ఆగిపోయిందో ఇక్కడ కనబడుతుంది.

ఇక స్టార్ థియేటర్ కథ. గుర్ముఖ్ రాయ్ అనే యువ వ్యాపారి థియేటర్ కట్టిస్తానన్నాడు, బినోదిని తనకు దక్కాలన్నది షరతు. థియేటర్ ఊసు మానుకుంటే యాభై వేల రూపాయలు ఇస్తానని కూడా అన్నాడు. ఆమె డబ్బు వద్దంది, థియేటరే కట్టించమంది. ఆమెను ఒప్పించిన తోటి నటులు ఆమె పేరు మీద 'బి థియేటర్' అని పెడతామన్నారు. తీరా 1883లో రిజిస్ట్రేషన్ అయ్యాక తెలిసింది, పెట్టింది 'స్టార్' అని. ఆమె శరీరం పెట్టుబడిగా పనికొచ్చింది, పేరు మాత్రం బోర్డుకు పనికిరాలేదు. దీన్ని మోసం అనక ఏమంటాం?

గురువు గిరీశ్ చంద్ర ఘోష్ ఈ పుస్తకానికి ముందుమాట రాశాడు. జరిగిన నిజాలు చాలా అందులో లేవని ఆమె ఒప్పుకోలేదు. మళ్లీ రాస్తానన్న ఆయన 1912లో చనిపోయాడు. తర్వాతి కూర్పులో ఆమె ఆ ముందుమాటను వేస్తూ ఈ సంగతంతా పాఠకులకు చెప్పింది. గురువు మీద భక్తి ఉంది, కానీ లెక్క దగ్గర రాజీ లేదు. పశ్చాత్తాపపడే మనిషి చేసే పనేనా ఇది?

అయితే ఆమె అనని మాటల్ని మనం ఆమె నోట పెట్టకూడదు. కులం మీద ఆమె తిరగబడలేదు. భద్రలోకుల దయ కోసం చివరిదాకా ఎదురుచూసింది. కూతుర్ని బడిలో వేయబోతే చేర్చుకోలేదు. ఆ పిల్ల చిన్న వయసులోనే పోయింది. పుస్తకం నిండా ఉన్న దుఃఖానికి ఈ తిరస్కారం ఒక కారణం, దాన్ని 'పాపం' అని సరిపెట్టుకోవడం ఆమె పరిమితి.

2024 డిసెంబర్ చివర, 141 ఏళ్ల తర్వాత, బెంగాల్ ప్రభుత్వం స్టార్ థియేటర్‌కు బినోదిని పేరు ప్రకటించింది. మంచిదే. కానీ ఆమె కట్టించిన బీడన్ స్ట్రీట్ భవనం ఇప్పుడు లేదు, ఈ పేరు తర్వాత కట్టిన మరో భవనానిది. బకాయి తీరిందని చెప్పుకోవడానికి ముందు ఆమె పుస్తకం మళ్లీ చదవాలి. మన దగ్గర కళావంతుల ఇళ్ల నుంచి నాటకాలకీ సినిమాలకీ వచ్చిన స్త్రీల మాటల్ని కూడా ఇట్లాగే, సానుభూతి కథలుగా కాక బాకీ పత్రాలుగా చదవాల్సి ఉంది.